బల్బుకు లేని జ్ఞాపకం: ముగ్గురేసి యోధుల ఆటలో గణితం

రెండు బొమ్మలు తెరమీద ఎదురెదురుగా నిలబడి తలపడగా, ఎవరి ప్రాణరేఖ ముందుగా అడుగంటితే వారు ఓడినట్లు లెక్కించే వీడియో ఆటను పోరాట ఆట అంటారు. ఈ జాతి ఆటలకు 1991లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2 ఒక ప్రమాణాన్ని ఏర్పరచగా, మూడేళ్ల తరువాత, 1994 ఆగస్టులో, ఒసాకా ప్రాంతానికి చెందిన ఎస్‌ఎన్‌కే సంస్థ ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 94 అనే ఆటతో ఆ ప్రమాణంలోని ఒక మూలనియమాన్ని మార్చింది. అంతవరకు ఆటగాడు ఒక్క యోధుణ్ణి ఎంచుకొని అతనితోనే గెలవడమో ఓడడమో జరిగేది. కొత్త ఆటలో ముగ్గురిని ఎంచుకొని, ఎవరి తరువాత ఎవరు బరిలోకి దిగాలో కూడా ముందే నిర్ణయించుకోవలసి వచ్చింది.

తెలుగు పట్టణాల వీడియో గేమ్ దుకాణాల్లో పెరిగిన తరానికి జట్టు ఆట అనగానే 1993లో వచ్చిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ గుర్తుకు వస్తుంది. అందులోని ఒక పాత్ర పేరు మీదుగా దానిని ముస్తఫా ఆట అని పిలుచుకొన్నారు. అయితే అందులో పక్కపక్కన నిలబడినవారు ఒకే పక్షంవారు, ఎదురుగా ఉన్నది యంత్రం. ఇక్కడ చర్చించే ఆటలో రెండు మీటల వద్దా మనుషులే ఉంటారు, జట్టు మాత్రం తెర లోపల ఉంటుంది.

నియమం చిన్నదే. మొదటి జట్టులోని మొదటివాడు రెండవ జట్టులోని మొదటివాడితో తలపడతాడు. ఓడినవాడు తప్పుకొంటే అతని స్థానంలోకి అదే జట్టులోని తరువాతివాడు వస్తాడు. గెలిచినవాడు మాత్రం తనకు మిగిలిన ప్రాణంతోనే, గెలుపుకు బహుమతిగా కొద్దిపాటి ప్రాణాన్ని తిరిగి పొంది, అక్కడే నిలబడి కొత్తవాణ్ణి ఎదుర్కొంటాడు. ముగ్గురినీ కోల్పోయిన జట్టు ఓడినట్లు. చెడుగుడులోనూ కూతకు వెళ్లేవాడు ఒంటరిగానే వెళ్తాడు గాని, అక్కడ ఔటయినవాడు తన జట్టు ఎదుటివారిలో ఒకరిని ఔట్ చేసినప్పుడు తిరిగి బరిలోకి రాగలడు; ఈ ఆటలో పోయినవాడు పోయినట్లే.

ఈ నియమం నుంచి ప్రతి ఆటగాడికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ముగ్గురిలో బలవంతుణ్ణి ముందు దింపాలా, చివరికి దాచుకోవాలా? ఈ ప్రశ్నకు సంభావ్యతాశాస్త్రం ఇచ్చే మొదటి సమాధానం చాలామందికి వింతగా తోస్తుంది. ఆ సమాధానాన్ని అందుకోవాలంటే ముందుగా యంత్రం ఎలా పనిచేస్తుందో, చేయి ఎలా ఆడుతుందో, కన్ను ఎంత ఆలస్యంగా చూస్తుందో తెలుసుకోవాలి.

రాతి నుంచి తెర దాకా

కర్నూలు నుంచి నంద్యాల వైపు వెళ్లే రహదారి మీద, ఓర్వకల్లు వద్ద, పర్యాటకులు రాక్ గార్డెన్ అని పిలిచే శిలావనం ఉంది. నీటిగుంటల చుట్టూ నిలిచిన ఆ రాళ్లలో ప్రధాన పదార్థం సిలికా, అంటే ఒక సిలికాన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువుల నిష్పత్తిలో ఏర్పడిన సమ్మేళనం. దాని నుంచి ఆక్సిజన్‌ను తొలగించి, మిగిలిన సిలికాన్‌ను అనేక దశల్లో శుద్ధిచేస్తే అర్ధవాహకం, అనగా విద్యుత్తును కోరినప్పుడు ప్రవహింపజేసి కోరినప్పుడు ఆపగలిగే పదార్థం, తయారవుతుంది. అదే ఓర్వకల్లు మండలంలోని శకునాల, దాని పొరుగున ఉన్న గని గ్రామాల భూముల్లో నెలకొన్న 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు పలకల్లో వెలుగును విద్యుత్తుగా మార్చేదీ సిలికానే. పోరాట ఆటను నడిపే చిప్పుల్లో ఒకట్లనూ సున్నాలనూ మోసేదీ సిలికానే. ఇక్కడి రాయే అక్కడి చిప్పు అయిందని దీని అర్థం కాదు, రెండింటిలోని మూలకం ఒకటే.

ఎస్‌ఎన్‌కే తన ఆటలను 1990లో తెచ్చిన నియో జియో అనే యంత్రం మీద నడిపింది. దుకాణాల్లో ఉంచే దాని రూపానికి మల్టీ వీడియో సిస్టమ్ అని పేరు. ఒకే పెట్టెలో ఒకటి, రెండు, నాలుగు లేదా ఆరు ఆటల క్యాసెట్లను అమర్చుకొనే వీలుండడంతో, ఆట పాతబడినప్పుడు దుకాణదారు పెట్టె మొత్తాన్ని మార్చకుండా క్యాసెట్టును మాత్రమే మార్చుకొనేవాడు. దాని మెదడు సెకనుకు 1 కోటి 20 లక్షల స్పందనలు గల మోటరోలా 68000 ప్రాసెసర్. శబ్దాల కోసం జడ్80 అనే మరో ప్రాసెసర్ ఉంటుంది. తెరమీద అడ్డంగా 320, నిలువుగా 224 చుక్కలు మాత్రమే ఉంటాయి. ఈ యంత్రపు విశేషం ఏమంటే, అందులో వెనుక దృశ్యానికి ప్రత్యేకమైన పొర లేదు. యోధులే గాక వారి వెనుక కనిపించే వీధులూ జనాలూ కూడా 16 చుక్కల వెడల్పు గల నిలువు పట్టీలను పక్కపక్కన పేర్చి గీసినవే.

తెరమీది చిత్రాన్ని యంత్రం సెకనుకు దాదాపు 60 సార్లు తిరిగి గీస్తుంది. ఇలా గీసిన ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు, ఒక ఫ్రేమ్ వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ప్రాసెసర్‌కు దక్కేవి సుమారు 2 లక్షల స్పందనలు; ఆ కొద్దిలోనే అది రెండు మీటల స్థితిని చదివి, ఇద్దరు యోధులను కదిలించి, ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో తేల్చి, కొత్త చిత్రానికి ఆదేశాలు ఇవ్వాలి. పోరాట ఆటలో కాలానికి ఫ్రేమే కనీస నాణెం; దెబ్బ వేగమూ, తేరుకొనే వ్యవధీ, తప్పించుకొనే అవకాశమూ అన్నీ ఫ్రేముల్లోనే కొలుస్తారు.

కనబడని పెట్టెలు

చూసేవారికి కనిపించేది పిడికిలి గాని, యంత్రం లెక్కించేది దీర్ఘచతురస్రాలను. ప్రతి ఫ్రేములోనూ యోధుడి శరీరం మీద కొన్ని కనబడని పెట్టెలు ఉంటాయి, అవి దెబ్బ తినే పెట్టెలు. గుద్దు లేదా తన్ను చాచిన కొద్ది ఫ్రేములపాటు మాత్రమే పుట్టి మాయమయ్యే మరో రకం పెట్టె ఉంటుంది, అది దెబ్బ కొట్టే పెట్టె. ఒకరి కొట్టే పెట్టె మరొకరి తినే పెట్టెను తాకితే దెబ్బ తగిలినట్లు. ఒక పెట్టె పూర్తిగా రెండవదానికి ఎడమన ఉందా, కుడిన ఉందా, పైన ఉందా, కింద ఉందా అని నాలుగు పోలికలు చేసి, నాలుగింటికీ కాదనే సమాధానం వస్తే అవి తాకినట్లేనని యంత్రం నిర్ణయిస్తుంది. గాలికి ఎగిరే జుట్టూ, రెపరెపలాడే అంగీ అంచూ ఈ లెక్కలోకి రానక్కరలేదు. అందుకే ఒక్కోసారి పిడికిలి బట్టలోంచి దూసుకుపోయినా దెబ్బ తగలదు.

ప్రతి దెబ్బకూ మూడు దశలు ఉంటాయి. చేయి ఎత్తడం నుంచి కొట్టే పెట్టె పుట్టేదాకా సాగేది ఆరంభం, ఆ పెట్టె ఉన్నంతసేపు సాగేది తాకుడు, చేయి వెనక్కి వచ్చి యోధుడు తిరిగి స్వాధీనంలోకి వచ్చేదాకా సాగేది తేరుకోలు. దెబ్బ తిన్నవాడు కూడా కొన్ని ఫ్రేములపాటు కదలలేడు. ఉదాహరణకు దెబ్బ తిన్నవాడు 15 ఫ్రేములు కదలలేక, కొట్టినవాడు 9 ఫ్రేముల్లోనే తేరుకొన్నాడనుకొంటే, కొట్టినవాడికి 6 ఫ్రేముల వెసులుబాటు మిగులుతుంది. ఆ వ్యవధిలో 5 ఫ్రేముల ఆరంభం గల మరో దెబ్బ వేస్తే దానిని అడ్డుకోవడం ఎవరి తరమూ కాదు. ఇలా ఒకదాని వెంట ఒకటి తప్పక తగిలే దెబ్బల వరసను కాంబో అంటారు. అరచేతితో బటన్లను ఎంత గట్టిగా బాదితే అంత బలమైన దెబ్బ పడుతుందన్నది కొత్తవారి భ్రమ; యంత్రానికి తెలిసేది బటన్ ఏ ఫ్రేములో నొక్కారన్నది మాత్రమే.

చేతి భాష

వివరణకు ఇక్కడ ఆధారంగా తీసుకొనేది 1998 జులైలో వచ్చిన ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 98. మొదటి ఆటలో ఒక్కో దేశానికి ఒక్కో జట్టు చొప్పున 8 జట్లు, 24 మంది యోధులు ఉండగా జట్టును మార్చే వీలు లేకపోయింది. మరుసటి ఏడాది ఆటలో నచ్చిన ముగ్గురిని కలుపుకొనే స్వేచ్ఛ వచ్చింది. 1995 నుంచి 1997 వరకు సాగిన కథ ముగిసిన తరువాత, 98లో కథను పక్కనపెట్టి, కథలో మరణించినవారితో సహా పాత యోధులను ఒకచోట చేర్చారు. ఆ 38 మంది నుంచి ముగ్గురిని 8,436 విధాలుగా ఎంచుకోవచ్చు; వరసను కూడా లెక్కలోకి తీసుకొంటే ఆ సంఖ్య 50,616 అవుతుంది.

ఆటగాడి ముందు ఎనిమిది దిక్కులకు తిరిగే ఒక మీట, నాలుగు బటన్లు ఉంటాయి. ఏ బటన్ తేలిక గుద్దుకు, బి బటన్ తేలిక తన్నుకు, సి బటన్ బలమైన గుద్దుకు, డి బటన్ బలమైన తన్నుకు. తేలిక దెబ్బ త్వరగా పుట్టి కొద్దిగా నష్టపరుస్తుంది, బలమైనది ఆలస్యంగా పుట్టి ఎక్కువ నష్టపరుస్తుంది. ప్రత్యర్థికి ఎదురు దిక్కుకు, అంటే వెనక్కి, మీటను పట్టి ఉంచితే యోధుడు దెబ్బను అడ్డుకొంటాడు. దీనిని గార్డ్ అంటారు. నేలబారు తన్నులను ఆపాలంటే మీటను వెనక్కి, కిందికి కలిపి పట్టి కూర్చొని అడ్డుకోవాలి, గెంతుతూ పైనుంచి వేసే దెబ్బలను నిలబడే అడ్డుకోవాలి. గార్డ్‌లో ఉన్నవాణ్ణి దగ్గరికి వెళ్లి పట్టి విసిరేస్తే ఏ గార్డూ పనిచేయదు.

ఏ, బి బటన్లను ఒకేసారి నొక్కితే యోధుడు నేలమీద దొర్లుతూ దెబ్బల మధ్య నుంచి దూసుకుపోతాడు గాని, దొర్లుతున్నవాణ్ణి పట్టి విసిరే వీలుంది. సి, డి కలిపి నొక్కితే ప్రత్యర్థిని దూరంగా ఎగరగొట్టే బలమైన దెబ్బ పడుతుంది. ఈ ఆటకు ప్రాణప్రదమైన మరో అంశం గెంతు. మీటను పైకి ఎంతసేపు పట్టి ఉంచారు, అంతకుముందు కిందికి తాకించారా లేదా అన్నదాన్ని బట్టి పొట్టి గెంతు, దూరపు పొట్టి గెంతు, మామూలు గెంతు, దూరపు గెంతు అని నాలుగు రకాలు ఉంటాయి. మామూలు గెంతును చూసి కిందినుంచి కొట్టి పడగొట్టవచ్చు. పొట్టి గెంతు తలెత్తి చూసేలోపే ముగుస్తుంది, అందుకే ఇందులో దాడి చాలాభాగం పొట్టి గెంతుల మీదనే నడుస్తుంది.

ప్రత్యేకమైన దెబ్బలకు మీటతో ఒక వాక్యం రాయాలి. కిందికి, అక్కడినుంచి ఏటవాలుగా ముందుకు, ఆపైన ముందుకు తిప్పి గుద్దు బటన్ నొక్కడం అలాంటి వాక్యాల్లో అందరూ మొదట నేర్చుకొనేది. యంత్రం ఈ వాక్యాన్ని చదివే తీరును పరిమితస్థితి యంత్రం అనే భావనతో వివరించవచ్చు. సరైన దిక్కు సరైన సమయంలో వస్తే ఒక మెట్టు ఎక్కుతుంది, నిర్ణీత ఫ్రేముల్లో తరువాతి దిక్కు రాకపోతే మొదటి మెట్టుకు దిగిపోతుంది, చివరి మెట్టు మీద ఉన్నప్పుడు బటన్ అందితే దెబ్బ విడుదలవుతుంది. మొదట్లో నాలుగు వేర్వేరు పనులుగా తోచే ఈ కదలికను కొన్ని వందల సార్లు అభ్యసించాక మెదడు ఒకే ముద్దగా దాచుకొంటుంది. సంయుక్తాక్షరం నేర్చుకొనే పిల్లవాడు వత్తును విడిగా తలచుకొని రాయడం, పెద్దవాడు ఒక్క ఊపులో రాయడం కూడా ఇదే మార్పు.

ఆటకు ముందు ఆటగాడు అడ్వాన్స్‌డ్, ఎక్స్‌ట్రా అనే రెండు పద్ధతుల్లో ఒకదానిని ఎంచుకోవాలి. అడ్వాన్స్‌డ్ పద్ధతిలో యోధుడు ముందుకు పరుగెత్తగలడు, దెబ్బలు వేసేకొద్దీ తెర అడుగున ఉన్న బలరేఖ నిండి ఒక్కొక్క నిల్వగా మారుతుంది. ఒక నిల్వను ఖర్చుచేస్తే అతిబలమైన దెబ్బ వేయవచ్చు, లేదా గార్డ్‌లో ఉండగానే దొర్లి బయటపడవచ్చు. ఎక్స్‌ట్రా పద్ధతిలో పరుగుకు బదులు చిన్న దూకుడూ, దొర్లడానికి బదులు నిలబడినచోటే పక్కకు తప్పుకోవడమూ ఉంటాయి, బలరేఖను బటన్లు నొక్కిపట్టి ఆటగాడే నింపుకోవచ్చు. ఈ నిల్వల సంగతి అధ్యాయం చివర మళ్లీ వస్తుంది.

కన్ను చేసే ఆలస్యం

ఒక దెబ్బ వస్తున్నదని చూసి, గుర్తించి, చేతికి ఆదేశం పంపి, మీట కదిలించడానికి పట్టే వ్యవధిని ప్రతిస్పందన కాలం అంటారు. వెలుగు కనబడగానే ఒక్క బటన్ నొక్కే సులభమైన పనికి కూడా ఆరోగ్యవంతుడైన యువకుడికి దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది; ఫ్రేముల్లో చెప్పాలంటే అది 12. ఎంచుకోవలసిన అవకాశాలు పెరిగితే ఈ కాలమూ పెరుగుతుందని డచ్చి శాస్త్రవేత్త డాండర్స్ 1868లో చూపగా, అవకాశాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కాలం దాదాపు సమానమైన మొత్తంతో పెరుగుతుందని 1952లో హిక్ సూత్రీకరించాడు. నేలబారు తన్నా, పొట్టి గెంతా, పట్టు విసురా అన్న మూడింటిలో ఏది వస్తున్నదో తేల్చుకొని తగిన జవాబివ్వడానికి 12 ఫ్రేములు చాలవన్నమాట.

కాబట్టి నాలుగైదు ఫ్రేముల్లో తగిలే తేలిక దెబ్బను చూసి ఆపడం మానవమాత్రులకు సాధ్యం కాదు. ఆరితేరిన ఆటగాళ్లు దానిని ఆపుతున్నట్లు కనిపిస్తే, వారు దెబ్బను చూసి కాక, దెబ్బ రాకముందే అది వస్తుందని తలచి గార్డ్ పట్టారని అర్థం. చూపుతో పని జరిగేది నెమ్మదైన వాటి విషయంలో మాత్రమే: దూరపు గెంతు, దూరం నుంచి విసిరిన శక్తిగోళం, తగలక గాలిలో వృథా అయిన బలమైన దెబ్బ. ఈ విభజన తెలిసిన ఆటగాడు తన చూపును ఒకటి రెండు నెమ్మదైన ప్రమాదాల మీదనే నిలిపి, తక్కినవాటిని ఊహకు వదిలేస్తాడు. హిక్ సూత్రం ప్రకారం ఎదురుచూసే అవకాశాలు తగ్గినకొద్దీ స్పందన వేగవంతమవుతుంది గనుక ఈ ఏర్పాటు లాభదాయకం.

నాలుగింట ఒకటి

ఊహ మీద నడిచే ఆటకు గణితం ఉంది. గుడి మండపాల మీదా, బండరాళ్ల మీదా గీతలు చెక్కి ఆడిన పులిజూదంలో పులిని ఆడించేవాడు ఎత్తు వేశాక మేకలను ఆడించేవాడు దానిని చూసి తన ఎత్తు వేస్తాడు. తగినంత ఓర్పు ఉంటే ఉత్తమమైన ఎత్తును లెక్కించి తీరవచ్చు. పోరాట ఆటలో ఇద్దరూ ఒకే క్షణంలో, ఎదుటివాడి ఎత్తు తెలియకుండానే, నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది. ఇలాంటి ఇద్దరి ఆటల్లో ఒకే ఎత్తును పదేపదే వేసేవాడు తప్పక దొరికిపోతాడనీ, ఎత్తులను తగిన పాళ్లలో కలిపి వేయడమే ఉత్తమ వ్యూహమనీ, ఒకరి లాభం మరొకరి నష్టమైన ఆటలన్నింటికీ అలాంటి పాళ్లు ఉండితీరుతాయనీ 1928లో జాన్ ఫాన్ నాయ్‌మన్ నిరూపించాడు.

ఒక ఉదాహరణతో ఆ పాళ్లను లెక్కించవచ్చు. దాడి చేసేవాడికి రెండు ఎత్తులున్నాయనుకోవాలి: నేలబారు తన్ను తగిలితే కాంబోగా సాగి 30 పాయింట్ల ప్రాణం పోతుంది, పొట్టి గెంతు దెబ్బ తగిలితే 10 పాయింట్లు పోతాయి. కూర్చొని గార్డ్ పట్టినవాడికి మొదటిది తగలదు, నిలబడి పట్టినవాడికి రెండవది తగలదు. గార్డ్ పట్టేవాడు నాలుగింట మూడుసార్లు కూర్చొని, ఒకసారి నిలబడితే, నేలబారు తన్నుతో సగటున పోయేది 30లో నాలుగో వంతు, అంటే 7.5, గెంతుతో పోయేది 10లో ముప్పావు వంతు, అంటే అదే 7.5. దాడి చేసేవాడు ఏది ఎంచుకొన్నా ఫలితం మారదు గనుక గార్డ్‌కు ఇదే సరైన పాళ్లు.

దాడి చేసేవాడి పాళ్లు ఇంతకంటె ఆసక్తికరంగా ఉంటాయి. ఎదుటివాడు ఎలా గార్డ్ పట్టినా సగటు నష్టం మారకుండా ఉండాలంటే అతను మూడింతలు బలమైన నేలబారు తన్నును నాలుగింట ఒక్కసారే వేసి, మూడుసార్లు బలహీనమైన గెంతునే వేయాలి. కొత్త ఆటగాడు గట్టి దెబ్బనే ఎక్కువగా వేయాలనుకొంటాడు. గణితం మాత్రం గట్టి దెబ్బ ఉందన్న భయమే ఎదుటివాణ్ణి కూర్చోబెడుతుందనీ, ఆ కూర్చోవడాన్ని వాడుకొనేది చిన్న దెబ్బేననీ చెబుతుంది. ఆటలోని పెద్ద చక్రం కూడా ఇలాంటిదే: దెబ్బను గార్డ్ ఆపుతుంది, గార్డ్‌ను పట్టు విప్పుతుంది, పట్టును గెంతు తప్పిస్తుంది, గెంతును కిందినుంచి వేసిన దెబ్బ పడగొడుతుంది. ఇందులో అన్నింటినీ మించినది లేదు, ఉంటే ఆట అక్కడితో ముగిసేది.

వరసకు విలువ లేని లోకం

ఇప్పుడు జట్టు వరస ప్రశ్నకు రావచ్చు. 1984లో కామిన్‌స్కీ, లుక్స్, నెల్సన్ అనే ముగ్గురు గణితజ్ఞులు గ్లాడియేటర్ల జట్ల గురించిన ఒక సమస్యను పరిశీలించారు. ప్రతి యోధుడికీ ఒక బలం ఉంటుంది. 3 బలం గలవాడు 2 బలం గలవాడితో తలపడితే 5లో 3 వంతుల అవకాశంతో గెలుస్తాడు. గెలిచినవాడు అలసట లేకుండా అదే బలంతో తరువాతివాణ్ణి ఎదుర్కొంటాడు. ఈ నియమాల కింద జట్టు నాయకుడు తనవారిని ఏ వరసలో దింపితే మేలు?

చిన్న జట్లతో లెక్క వేసి చూడవచ్చు. ఒక జట్టులో 3, 1 బలాలు గలవారూ, ఎదుటి జట్టులో 2 బలం గలవారిద్దరూ ఉన్నారనుకోవాలి. బలవంతుణ్ణి ముందు దింపితే, అతను ఇద్దరినీ ఓడించే అవకాశం 25లో 9. ఒకరిని ఓడించి ఓడిపోగా వెనుకవాడు మిగిలిన ఒక్కణ్ణి ఓడించే అవకాశం 25లో 2. మొదటే ఓడిపోగా వెనుకవాడు ఇద్దరినీ ఓడించే అవకాశం 45లో 2. మొత్తం 225లో 109. బలహీనుణ్ణి ముందు దింపితే ఇవే మూడు దారుల అవకాశాలు వరసగా 9లో 1, 15లో 2, 25లో 6 అవుతాయి. వాటి మొత్తం కూడా సరిగ్గా 225లో 109. వరస మారింది, దారులు మారాయి, ఫలితం వెంట్రుకవాసి మారలేదు.

ఇది కాకతాళీయం కాదని నిరూపించడానికి ఒక అందమైన ఊహ ఉంది. ప్రతి యోధుణ్ణీ ఒక బల్బుగా, అతని బలాన్ని ఆ బల్బు సగటు ఆయువుగా భావించాలి. ఈ బల్బులకు ఒక గుణం ఉంటుంది: ఎంతసేపు వెలిగినా వాటికి పాతదనం రాదు, వంద గంటలు వెలిగిన బల్బు మరో గంట వెలిగే అవకాశం కొత్త బల్బుకున్నంతే ఉంటుంది. గణితంలో దీనిని జ్ఞాపకరాహిత్యం అంటారు, అలాంటి ఆయువుల పంపిణీని ఘాతీయ పంపిణీ అంటారు. 3 ఆయువు గల బల్బునూ 2 ఆయువు గల బల్బునూ ఒకేసారి వెలిగిస్తే మొదటిది ఎక్కువసేపు నిలిచే అవకాశం 5లో 3; అదే పోరాటంలోని గెలుపు అవకాశం. ఆరిన బల్బు స్థానంలో అదే జట్టులోని తరువాతి బల్బును పెడుతూ పోతే, ఏ జట్టు బల్బులన్నీ కలిసి ఎక్కువసేపు వెలిగితే ఆ జట్టు గెలిచినట్లు. ఒక జట్టు బల్బులను ఏ వరసలో వెలిగించినా వాటి మొత్తం వెలుగుకాలం ఒకటే గదా. కాబట్టి వరసకు విలువ లేదు.

జ్ఞాపకం ఉన్న బరి

అయినా అనుభవజ్ఞులైన ఆటగాళ్లు వరస గురించి గంటలకొద్దీ వాదించుకొంటారు, వారి వాదన వృథా కాదు. గ్లాడియేటర్ల సిద్ధాంతం నిలబడేది బల్బుకు జ్ఞాపకం లేదు, దాని బలం ఒకే అంకె అన్న రెండు షరతుల మీద. ఆ షరతులను ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ మూడు చోట్ల భంగపరుస్తుంది, ఆ మూడు భంగాలే దానిని జట్టు ఆటగా చేశాయి.

మొదటిది గాయం. గెలిచినవాడికి తిరిగి దక్కే ప్రాణం కొద్దిపాటిదే గనుక, ఓడిపోయినవాడు కూడా ఎదుటివాడి మీద తన గుర్తును వదిలి వెళ్తాడు. ప్రత్యర్థి ప్రాణాన్ని ముప్పావు వంతు తగ్గించి ఓడినవాడు లెక్కల్లో ఓడినా, వెనుకవాడి పనిని చాలావరకు ముగించినట్లే.

రెండవది నిల్వ. అడ్వాన్స్‌డ్ పద్ధతిలో మొదటి యోధుడు 3 నిల్వల వరకు, రెండవవాడు 4 వరకు, మూడవవాడు 5 వరకు దాచుకోవచ్చు. ఒకరు ఖర్చుపెట్టకుండా మిగిల్చినది వెనుకవాడికి సంక్రమిస్తుంది. ఓర్వకల్లు మండలానికి పేరు తెచ్చిన మహిళా పొదుపు సంఘాల పద్ధతిని ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తది కాదు. ఒక్కొక్కరు కొద్దికొద్దిగా జమచేసినది అవసరం ముదిరినవారి చేతికి పెద్ద మొత్తంగా అందినప్పుడే పొదుపుకు ప్రయోజనం. అందువల్ల మొదటి స్థానానికి తగినవాడు నిల్వలు లేకుండానే పోరాడుతూ వాటిని కూడబెట్టగలవాడు. చివరి స్థానానికి తగినవాడు తక్కువ ప్రాణంతో ఉన్నా ఒకే అవకాశంలో రెండు మూడు నిల్వలను ఖర్చుచేసి ఆటను తిప్పగలవాడు. ముగ్గురిలో ఎక్కువ బలవంతుడెవరన్న ప్రశ్న ఇక్కడ ఎవరికి సొమ్ము ఎక్కువ కలిసివస్తుందన్న ప్రశ్నగా మారుతుంది.

మూడవది ఎవరికి ఎవరు ఎదురుపడ్డారన్నది. సిద్ధాంతంలో ప్రతి యోధుడికీ ఒకే అంకె బలం ఉంది, ఆటలో అలా ఉండదు. దూరం నుంచి శక్తిగోళాలు విసిరే ఎథీనా, దగ్గరికి చేరి పట్టి పడేసే క్లార్క్, గొలుసుకు కట్టిన ఇనుపగుండు తిప్పే చాంగ్ అనే ముగ్గురిలో ఎవరు ఎవరికి కొరకరాని కొయ్య అవుతారన్నది ఎదుట నిలిచినవాణ్ణి బట్టి మారుతుంది. బలాల వరస ఒక సరళరేఖ కాక చక్రమైనప్పుడు, ఎదుటి జట్టు వరసను ఊహించి తన వరసను అమర్చుకోవడం మళ్లీ ఫాన్ నాయ్‌మన్ ఆటే అవుతుంది. ముగ్గురిని నిలబెట్టే ఆరు వరసల్లో ఏదో ఒకదానికే ఎప్పుడూ అంటిపెట్టుకొన్నవాడు ఎదుటివాడికి తన జట్టును ముందే చూపించినట్లు.

వీటిలో మొదటి రెండూ యంత్రం దాచుకొనే జ్ఞాపకాలు. వాటికి తోడు మీట పట్టిన మనిషిలోనూ ఒక జ్ఞాపకం ఉంటుంది. ఉత్తమ వ్యూహం కోరేది నాలుగింట ఒకటి చొప్పున, వెనుకటి ఎత్తుతో సంబంధం లేకుండా, ప్రతిసారీ కొత్తగా పాచిక వేసినట్లు ఎంచుకోవడాన్ని. అంటే చేయి కూడా ఆ బల్బులాగే జ్ఞాపకం లేకుండా ఉండాలి. మనిషి చేతికి అది అలవడదు. రెండుసార్లు గెంతినవాడు మూడవసారి గెంతడానికి సంకోచిస్తాడు, దెబ్బ తిన్నవాడు వెంటనే దొర్లి పారిపోవాలని చూస్తాడు, ప్రాణం తగ్గినవాడు తన అతిబలమైన దెబ్బను తొందరపడి వదులుతాడు. ఒకే యోధుడితో ముగిసే పోరులో ఈ అలవాట్లు బయటపడే వ్యవధి తక్కువ. ఏదో ఒక పక్షం ముగ్గురిని పోగొట్టుకొనేదాకా, ఐదు వరకు సాగగల పోరుల్లో, ఎదుటివాడు వాటిని చదివేస్తాడు. అందుకే చివరి స్థానంలో నిలబడినవాడు కేవలం దాచిపెట్టిన బలాన్ని మాత్రమే వారసత్వంగా పొందడు. తనకు ముందు ఓడిన ఇద్దరూ ప్రాణాలిచ్చి కొన్న సమాచారం, ఎదుటి చేయి ఎప్పుడు గెంతుతుందో, ఎప్పుడు జంకుతుందో అన్న ఎరుక, అదే మీటను పట్టుకొన్న మనిషి ద్వారా అతనికి అందుతుంది. తెరమీద యోధులు ముగ్గురైనా చేయి ఒక్కటే కావడం వల్ల, ఈ ఆటలో ఓడిన పోరు కూడా వెనుకవాడి ఖాతాలో జమ అవుతుంది.